పసుపు బొట్టు పెడితే తుప్పు పోదు

ఈ పోస్టు లైసెన్సు తుపాకీ ఉన్న రైతుల కోసం రాస్తున్నా. లేనోళ్ళు కూడా చదవండి. మీ పక్క చేను ఆయనకు ఉండొచ్చు, రాత్రి కాపలాకి మీరు ఆయన పక్కనే పడుకోవచ్చు.

దసరా వస్తే మనం ఏం చేస్తాం? ట్రాక్టరుకి, మోటారుకి, కొడవలికి పూజ చేస్తాం. గోడకున్న తుపాకీని కూడా దించుతాం. తడిగుడ్డతో పైపైన తుడిచి, తడి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ మేకుకి తగిలిస్తాం. అంతే. ఆ తర్వాత దాన్ని ముట్టుకునేది పందులు పడిన రాత్రే. పోయిన ఏడాది మా బంధువుల ఇంట్లో ఆ ఎండిపోయిన బొట్టు గీకి చూశాను. బొట్టు ఎంత ఉందో అంత గుండ్రంగా కింద తుప్పు. తుపాకీ మడిచి, లోపల తూటా లేదని చూసుకుని, గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూశా. అద్దంలా మెరవాల్సింది పాత బావి గోడలా ఉంది. ఆ ఇంటాయన నవ్వుతూ "ఏం మామా, పెళ్ళిచూపులా?" అన్నాడు. ఆ నవ్వుకే ఈ పోస్టు.

సూటిగా చెప్తా, కోపం వస్తే రానీండి. గొట్టం తుడవనోడికి తుపాకీ పట్టుకునే అర్హత లేదు. లైసెన్సు కాగితం ఉండొచ్చు, అర్హత లేదు. బ్రేకులు చూసుకోకుండా ట్రాక్టరు ట్రాలీలో కూలీలను ఎక్కించుకునేవాడికీ వీడికీ తేడా లేదు.

మనవాళ్ళు చెప్పే సాకులు నాకు తెలుసు. నేనూ చెప్పినవే.

మొదటి సాకు: "ఏడాదికి రెండు మూడు సార్లు గాల్లోకి కాలుస్తా, దానికి కడగడం ఎందుకు?" అయ్యా, రోజూ కాల్చేవాడు రోజూ తుడుస్తాడు. తక్కువ కాల్చేవాడి తుపాకే ఎక్కువ పాడవుతుంది, ఎందుకంటే కాల్చిన మసి నెలల తరబడి లోపలే కూర్చుంటుంది. పన్నెండు బోరు గొట్టం లోపలి వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక్క తూటా కాల్చితే ఆ గొట్టంలో కాలిన మందు మసి, గుళ్ళు రాసుకుపోయిన సీసం, తూటాలో ఉండే ప్లాస్టిక్ బిళ్ళ కరిగి అంటిన పొర, ఈ మూడూ మిగుల్తాయి. తేమ వాటి కింద చేరుతుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది, పైనుంచి మీకు కనపడదు.

పాత రకం తూటాలైతే ఇంకో సంగతి ఉంది. వాటి అడుగున నిప్పు పుట్టించే మందులో పొటాషియం క్లోరేట్ వాడేవాళ్ళు. అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్. పేరు ఎక్కడో విన్నట్టుందా? మనం చేనుకి చల్లే పొటాష్ ఎరువే అది. మూట విప్పి వానాకాలంలో వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? తేమ లాగి గడ్డకడుతుంది. ఆ పని మీ గొట్టం లోపల జరుగుతా ఉంటుంది. దానిమీద ఎంత నూనె పోసినా కరగదు, ఉప్పు కరిగేది నీళ్ళలోనే. అందుకే ఆ రకం తూటా కాల్చినా, మూతి నుంచి నల్ల మందు కూరే తుపాకీ కాల్చినా, ముందు వేడి నీళ్ళతో కడగాలి, బాగా ఆరబెట్టాలి, ఆ తర్వాతే నూనె. ఇంకో మాట. ఎరువు మూటలు పెట్టే గదిలోనే తుపాకీ పెట్టేవాళ్ళు ఉన్నారు. ఈరోజే తీసేయండి.

రెండో సాకు: "మా తాత తుపాకీ, యాభై ఏళ్ళు ఎవరూ తుడవలేదు, ఏమీ కాలేదు." మీ తాత తుడిచాడు నాయనా, మీరు చూడలేదు. మా తాత ముంగేరు సింగిల్ బ్యారెల్‌ని ప్రతి వాడకం తర్వాత వసారాలో కూర్చుని తుడిచేవాడు. మేం పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్ళం, దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తాతల దగ్గర తుపాకీ తీసుకున్నాం, గుడ్డ తీసుకోలేదు.

మూడో సాకు: "నూనె పోస్తున్నాగా." ఏ నూనె? కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది. చెనక్కాయ నూనె, నువ్వుల నూనె రోజులు గడిచే కొద్దీ బంకగా మారి దుమ్ము పట్టేస్తాయి. ట్రాక్టరులో తీసేసిన నల్ల ఆయిల్ పోసేవాళ్ళూ ఉన్నారు. అందులో మసి, ఆమ్లం, ఇనుప రజను ఉంటాయి, మురికి నీళ్ళతో స్నానం చేసినట్టు. కిరోసిన్ మురికి వదిలిస్తుంది నిజమే, కానీ ఆరిపోతుంది, ఆరాక ఇనుముకి కాపలా ఉండదు. తుపాకీ ఆయిల్ దొరకకపోతే కుట్టు మిషన్ ఆయిల్ చాలు. చిన్న సీసా కొంటే ఏళ్ళు వస్తుంది. పురుగుమందుకి వేలు పోసే మనకు ఇది ఖర్చా?

ఇప్పుడు నేను రాయడానికి అసలు కారణం చెప్తా.

మా పక్క ఊళ్ళో నాకు చిన్నాయన వరసయ్యే ఒకాయన ఉన్నాడు. జాగ్రత్త మనిషే. గొట్టంలోకి దుమ్ము పోకూడదు, పురుగు పోకూడదు అని మూతిలో పాత లుంగీ గుడ్డ కుక్కాడు, ఊడిపోకుండా పుల్లతో లోపలికి నెట్టాడు. మంచి ఆలోచన అనుకున్నాడు. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి చెనక్కాయ చేలో పందులు పడ్డాయి. నిద్రలో లేచి, తూటా వేసి, ఆకాశంలోకి కాల్చాడు. గుడ్డ గుర్తులేదు. గొట్టం అరటి తొక్కలా విచ్చుకుంది. ఎడమ చేతి రెండు వేళ్ళు పోయాయి. పందులు మాత్రం మరుసటి రాత్రి మళ్ళీ వచ్చాయి.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు. తూటా పెట్టే ముందు, ఎంత తొందర ఉన్నా, మడిచి గొట్టంలోంచి ఒకసారి వెలుతురు చూస్తా. రాత్రయితే అవతల మూతి దగ్గర టార్చి పట్టించి, ఇవతల తూటా పెట్టే వైపు నుంచి చూస్తా. ఒకసారి వెలుతురు కనపడలేదు. మట్టితో గూడు కట్టే కందిరీగ లోపల గూడు కట్టేసింది. అది వేలెడంత మట్టి. చిన్నాయన సంగతి తెలియకపోతే నా వేళ్ళు కూడా లెక్కకి తక్కువయ్యేవి. మూతి దగ్గర గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. వెనకనుంచి మందు తోస్తుంటే ముందు దారి మూసుకుని ఉంటే అది ఎటు పోవాలి?

మనం చెయ్యాల్సింది పెద్ద విద్యేం కాదు. పది నిమిషాల పని.

తుపాకీ మడిచి తూటా లేదని కళ్ళతో చూడండి, వేలు పెట్టి చూడండి. తూటాలు ఇంకో గదిలో పెట్టండి. ముందు చెక్క తీసి గొట్టం విడదీయండి. రాడ్ ఎప్పుడూ తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపుకే నెట్టండి, అప్పుడు మురికి యంత్రం వైపు రాదు. మొదట పొడి గుడ్డ. తర్వాత కంచు తీగల బ్రష్షుని క్లీనింగ్ ద్రవంలోనో, లేకుంటే కిరోసిన్‌లోనో ముంచి పది సార్లు ఈ కొస నుంచి ఆ కొసకి. కాసేపు నాననివ్వండి. తర్వాత గుడ్డ ముక్కలు మారుస్తా పోండి, తెల్లగా పోయింది తెల్లగా వచ్చేదాకా. ఇప్పుడు వెలుతురుకి పెట్టి చూడండి. లోపల ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బినట్టు. ఆ తుపాకీ ఇంక కాల్చొద్దు. బాగుంటే రెండు చుక్కల ఆయిల్ అద్దిన గుడ్డ ఒక్కసారి తిప్పండి. పోయడం కాదు, పలచటి పొర. తూటా పెట్టే గది మర్చిపోవద్దు, అక్కడ తుప్పు పడితే కాల్చిన ఖాళీ తూటా ఇరుక్కుంటుంది, దాన్ని కత్తితో పొడిచి తీసేవాళ్ళని చూశాను.

చివరగా, గుడ్డ ముక్క లోపల ఉండిపోలేదని ఇంకోసారి చూడండి. మళ్ళీ కాల్చే ముందు ఆయిల్ తుడిచేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ మసిలో సీసం ఉంటుంది. తోలు సంచిలో, రెగ్జిన్ కవర్లో నెలల తరబడి పెట్టొద్దు, అవి తేమని పట్టి ఉంచుతాయి. మట్టి గోడకి ఆనించొద్దు. తాళం వేసిన పొడి పెట్టెలో పడుకోబెట్టండి. వానాకాలంలో కాల్చినా కాల్చకపోయినా నెలకోసారి ఇదే పని.

ఒక పని మాత్రం చెయ్యొద్దు. తుప్పు పోవాలని పుల్లకి ఉప్పు కాగితం చుట్టి లోపల రుద్దొద్దు. తుప్పుతో పాటు గొట్టం కూడా పోతుంది.

ఇప్పుడు ప్రభుత్వం మీద నా మాట. దానికి ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. అందరిలాగే నేనూ తుపాకీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నా. మే 13న ఓట్లు, జూన్ 4న లెక్కింపు. ఆ తర్వాత తెచ్చుకుని చూస్తే గొట్టం లోపల గోధుమ రంగు తుప్పు. ఊరంతా తిట్టుకుంటా తిరిగా. మూల పడేశారు, తేమలో పెట్టారు అని. నా భార్య ఒకటే అడిగింది: "ఇచ్చేటప్పుడు తుడిచిచ్చినావా?" నోరు మూతపడింది. సంక్రాంతి ముందు కాల్చిన మసి లోపల అట్లే ఉంది. దానిమీదే మూడు నెలలు గడిచాయి. తప్పులో సగం వాళ్ళది, సగం నాది. నా సగం గురించి నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

అందుకే అడిగే హక్కు ఉందనుకుంటున్నా. అప్పగించిన తుపాకులు పెట్టడానికి ప్రతి స్టేషన్లో పొడిగా ఉండే చెక్క ర్యాకు ఉండాలి. తీసుకునేటప్పుడు గొట్టం పరిస్థితి రసీదు మీద రాయాలి. నెలకోసారి యజమాని వచ్చి, పోలీసుల ముందే, ఆయిల్ గుడ్డ తిప్పుకోనివ్వాలి. ఇందులో పెద్ద ఖర్చేం లేదు. ఇంకొకటి. రెన్యువల్ ఇప్పుడు ఐదేళ్ళకోసారి. నేను పోయిన ప్రతిసారీ తుపాకీ మీద నంబరు పుస్తకంలో నంబరుతో కలిసిందా అని చూశారు, ఒక్కసారి కూడా గొట్టంలోకి తొంగి చూడలేదు. 2016 ఆయుధ నియమాల్లో కొత్త లైసెన్సుకి శిక్షణ సర్టిఫికెట్ పెట్టారు, మంచిదే. తండ్రి నుంచి కొడుక్కి తుపాకీ వచ్చిన మనలాంటి పాతవాళ్ళకి నేర్పేది ఎవరు? మండలానికి ఒక రోజు, ఒక తుపాకీ మేస్త్రిని పిలిపించి చూపిస్తే వేళ్ళు మిగుల్తాయి.

మేస్త్రి అంటే లైసెన్సు ఉన్న మేస్త్రే. వెల్డింగ్ షాపుకి, లేత్‌కి తీసుకుపోయే ఘనులకి ఒక మాట. లైసెన్సు లేనివాడు తుపాకీ రిపేరు చెయ్యడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. మూతి చీలిందని రంపంతో కోసి పొట్టి చేసుకోవడం కూడా నేరమే. వెల్డింగ్ వేడి తగిలిన గొట్టం ఎక్కడ తెగుతుందో ఆ వెల్డర్‌కీ తెలియదు.

పందుల బాధ నాకు తెలుసు. విత్తనం వేసిన రాత్రే సాలు సాలంతా పెళ్ళగిస్తాయి. అయినా చేతిలో తుపాకీ ఉంది కదా అని పందిని కాల్చే హక్కు లేదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి విడిగా అనుమతి కావాలి. మనకు తుపాకీ ఇచ్చింది పంట కాపాడుకోవడానికి. కరెంటు తీగ పెట్టి మనుషుల్ని, నాటుబాంబులు పెట్టి ఆవుల్ని పోగొట్టుకునే కంటే గాల్లోకి ఒక చప్పుడు మేలు. కానీ ఆ చప్పుడుకి గొట్టం పగిలితే, రేపు మన పిల్లలు లైసెన్సుకి అర్జీ పెట్టినప్పుడు "మీకు తుపాకీ చేతకాదు" అంటారు. అప్పుడు మన దగ్గర జవాబు ఉండదు.

ఈ రాత్రి అన్నం తిన్నాక తుపాకీ దించండి. తూటా లేదని చూసి, గొట్టం వెలుతురుకి పెట్టండి. ఏం కనిపించిందో మీ మనసుకి మీరే చెప్పుకోండి.

దసరాకి బొట్టు పెట్టండి, వద్దనను. కట్టె మీద పెట్టండి. అంతకుముందు రోజు గొట్టం తుడవండి, అమ్మవారికి అదే పూజ.