తెట్టు తీసేశాక చేప తినొచ్చా?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందే చెన్నైని ముంచేసింది. ఆ వరదలో మణలి చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి కొట్టుకొచ్చిన నూనె ఎన్నూరు ఉప్పుటేరులోకి చేరింది. పడవలూ వలలూ మడచెట్ల వేళ్లూ నల్లబడ్డాయి. మన నగరి వాగు నీళ్లు కలిసే కుశస్థలి నది సముద్రంలో కలిసేది అక్కడే. అదే ఎన్నూరు దగ్గర 2017 జనవరిలో రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు జనం దాన్ని బకెట్లతో ఎత్తిపోశారు. నూనె తెట్టును ఎలాగోలా తీస్తాం. ఆ నీళ్లలో పట్టిన చేప తినొచ్చా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు అధికారి ప్రకటనలోనో, బజారు పుకారులోనో వెతుక్కోవాల్సి వస్తోంది. రెండింటినీ నమ్మలేం.

ఈ ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతికిన ఉదాహరణ 2010 నాటి మెక్సికో సింధుశాఖ ప్రమాదం. డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయారు, 87 రోజులపాటు సముద్రగర్భం నుంచి చమురు చిమ్మింది. ఒక దశలో అక్కడి అమెరికా ఫెడరల్ జలాల్లో మూడో వంతుకు పైగా వేట ఆపేశారు. ఏ ప్రాంతాన్ని తిరిగి తెరవాలన్నా రెండు పరీక్షలు దాటాలి. ముందు శిక్షణ పొందిన బృందం వాసన, రుచి చూస్తుంది. తర్వాత ప్రయోగశాలలో పీఏహెచ్‌లనే విషపదార్థాలను కొలుస్తారు. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. చమురు వాసన ఎక్కువగా తేలిక పదార్థాల నుంచి వస్తుంది, అవి త్వరగా ఆవిరైపోతాయి. బరువైన పీఏహెచ్‌లు ముక్కుకు తెలియకుండా మిగిలిపోగలవు. అందుకే వాసన లేదు కాబట్టి భయం లేదనే మాట చెల్లదు.

అన్ని జీవులూ ఒకటి కాదు. చేప కాలేయం పీఏహెచ్‌లను చాలావరకు విరిచి పిత్తంతో బయటికి పంపేస్తుంది. నీటిని వడకట్టి బతికే ఆల్చిప్పలకు ఆ శక్తి చాలా తక్కువ. రొయ్యలు, పీతలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. కనుక ‘సముద్రాహారం సురక్షితం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది శాస్త్రం కాదు. ఏ రేవు, ఏ జాతి, ఏ వారం అన్నది చెప్పాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాతి మెట్టు. ఎంత ఉంటే ప్రమాదం అన్న హద్దు గీయాలంటే ముందు ఎవరు, ఎంత తింటారో అనుకోవాలి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 80 కిలోల మనిషిని, రోజుకు 13 గ్రాముల రొయ్యల్ని లెక్కలోకి తీసుకుంది. ఎక్కువ తినేవాళ్లనే దృష్టిలో పెట్టుకున్నామని అది చెప్పింది. కానీ 13 గ్రాములంటే వారానికి వంద గ్రాములు కూడా కాదు. అంతే తిన్న 15 కిలోల పిల్లవాడికి కిలో బరువుకు అయిదు రెట్లు ఎక్కువ మోతాదు అందుతుంది. గర్భిణులకు, పిల్లలకు ఈ హద్దులు రక్షణ ఇవ్వవని 2011లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపారు. నిజానికి అక్కడి నమూనాల్లో దొరికిన పీఏహెచ్‌లు ఆ హద్దులకంటే చాలా తక్కువే, కాబట్టి తిన్నవాళ్లంతా విషం తిన్నారని నేను అనడం లేదు. కొలబద్ద ఎవరి కోసం తయారైందన్నదే నా అభ్యంతరం.

ఆ కొలబద్దను అలాగే తెచ్చి మన తీరంలో పెడితే తప్పు ఇంకా పెరుగుతుంది. వేటకు వెళ్లే ఇంట్లో పెద్ద చేప బేరానికి పోతుంది, అమ్ముడుపోని చిన్నచేప, పీత కూరకు మిగులుతాయి. అది వారానికి ఒక పూట తిండి కాదు. నెత్తళ్ల లాంటి చిన్నచేపల్ని పొట్ట తీయకుండానే ఎండబెడతారు. కాలేయమూ పిత్తమూ అందులోనే ఉంటాయి, పైగా నీరు ఇగిరిపోయి మిగిలినదంతా చిక్కబడుతుంది. ఎండబెట్టేది చాలాచోట్ల ఇసుక మీదే, తెట్టు చేరేదీ అక్కడికే. ప్రయోగశాలకు శుభ్రం చేసిన కండ ముక్క మాత్రమే వెళ్తే ఈ ఇంటి తిండి పరీక్షకు అందనట్టే.

మనకు సాధనాలు లేకపోలేదు. ఒలికిన నూనె ఎటు పోతుందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అంచనా వేసి చెబుతుంది. మత్స్య సాంకేతికతపై పనిచేసే సిఫ్ట్‌కు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. ప్రమాదం జరగని రోజుల్లోనే విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం, పులికాట్‌లలో ఆల్చిప్ప, పీత, రొయ్య, ఎండుచేప నమూనాలు తీసి మామూలు స్థాయి ఎంతో రాసిపెట్టుకోవాలి. అది లేకుంటే రేపు దొరికే ప్రతి అంకె మీదా ‘ఇది ముందునుంచీ ఉన్నదే’ అని వాదన లేస్తుంది. ఫలితాలు రేవుల వారీగా, తెలుగులో, వేలం పాటలు జరిగే చోటే అంటించాలి.

వేట ఆపమన్న రోజునుంచే కుటుంబానికి కూలి కూడా చెల్లించాలి. పరిహారం నెలల తర్వాత వస్తుందంటే ఎవరూ వల ఒడ్డున పెట్టి కూర్చోలేరు. అనుమానంతోనే వేటాడతారు, అమ్ముతారు, మిగిలింది పిల్లలకు వండి పెడతారు. నూనె ఒలికించిన సంస్థ నుంచి తర్వాత రాబట్టుకునే పని ప్రభుత్వానిది, ముందు చేతికివ్వాల్సిన బాధ్యతా ప్రభుత్వానిదే.