గూడు చెదరని చూపు

ఆకాశపక్షులను చూడమని యేసుప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు (మత్తయి 6:26). అక్కడ మత్తయి వాడిన గ్రీకు మాటకు తేరిపార చూడటమని అర్థం. ఆ వెంటనే అడవిపువ్వుల విషయంలో వాడిన మాటకైతే పరిశీలించి నేర్చుకోవడమనే అర్థముంది. కాబట్టి సెలవురోజున కెమెరా తగిలించుకుని చెరువుగట్లకు, కొండలకు వెళ్లే మన యువతను చూసి కాలం వృథా చేస్తున్నారని విసుక్కోనక్కర్లేదు. లండన్‌లో పాస్టర్‌గా పనిచేసిన బైబిలు పండితుడు జాన్ స్టాట్ (1921-2011) పక్షుల కోసం దేశదేశాలు తిరిగాడు. తాను తీసిన ఫొటోలతో 1999లో 'ది బర్డ్స్ అవర్ టీచర్స్' అనే పుస్తకం తెచ్చాడు. పక్షులు ఆయనకు గురువులు.

అయితే చూడాలన్న కోరిక ఎప్పుడు వేటగా మారుతుందో మనం గమనించుకోవాలి. తిరుపతి జిల్లా నేలపట్టులో ఏటా గూడబాతులు చెరువులోని చెట్లపై గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. దాపునే ఉన్న పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి. అలాంటి చోట్లకు వెళ్లిన వారిలో దూరపు చిత్రంతో తృప్తిపడని వారూ ఉంటారు. ఎగిరే గుంపు కావాలని చప్పట్లు కొడతారు, రాళ్లు విసురుతారు. గూడు స్పష్టంగా కనబడాలని అడ్డొచ్చిన రెమ్మ విరిచేస్తారు. ఎండను ఆపేదీ, కాకుల కంటికి గూడును దాచేదీ ఆ రెమ్మే! తల్లి బెదిరి లేచిపోతే గుడ్లకు, ఈకలు రాని పిల్లలకు దిక్కెవరు?

దారిలో పక్షిగూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ఆదేశించింది (ద్వితీయో 22:6,7). దానికి జతచేసిన మేలు, దీర్ఘాయువుల వాగ్దానం తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చినదే (ద్వితీయో 5:16). దేవుడు ఈ చిన్న ఆజ్ఞను అంత పెద్ద ఆజ్ఞ సరసన నిలబెట్టాడు. ఆకలిగొన్నవాడికే గూటి దగ్గర హద్దు ఉంటే, సరదాకు వెళ్లే మనకు ఉండదా?

ఫొటోల వల్లే ప్రకృతిమీద ప్రేమ పెరుగుతుందంటారు. నిజమే. మంచం దిగలేని తల్లికి పులికాట్ అందాన్ని ఇంటికి తెచ్చి చూపేది ఫొటోయే. కాని ఆ ప్రేమకు మూల్యం పక్షిపిల్ల చెల్లించకూడదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గ్రామస్థులు తమ ఊరి చెట్లమీద గూళ్లు కట్టే పక్షులను అతిథుల్లా కాపాడుకుంటారు. అందుకే అవి మనుషుల మధ్యే నిశ్చింతగా పిల్లల్ని పెంచుతాయి. ఆ దగ్గరితనం పక్షులు నమ్మి ఇచ్చినది.

అందువల్ల గూటికి దూరంగా నిలబడదాం. పక్షి మేత మానేసి మనవైపే చూస్తుంటే వెనక్కి తగ్గుదాం. గూడున్న చోటును నలుగురికీ చాటొద్దు. ఫొటో దొరక్కపోతే పోనివ్వండి, కళ్లతో చూసిన భాగ్యం మనదే కదా!

కాసుకు రెండు పిచ్చుకలు అమ్మేవారని మత్తయి రాశాడు (10:29). రెండు కాసులకు అయిదు వచ్చేవని లూకా రాశాడు (12:6). అంటే అయిదోది కొసరు! సంతలో వెలలేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పాడు. దేవుని కన్ను దానిమీద ఉన్నప్పుడు, దాని గూటి దగ్గర మన కెమెరా ఒదిగి ఉండాలి.