‘పొద్దున కొని మధ్యాహ్నం బయటపడతా’

‘‘ఆపరేటర్ ఆడిస్తున్నాడని నాకూ తెలుసు. పొద్దున కొని మధ్యాహ్నానికల్లా బయటపడతా.’’ పెన్నీ షేర్లలో డే ట్రేడింగ్ చేసే కుర్రాళ్ల నోట తరచూ వినే మాట ఇది. ఆపరేటర్ల వ్యాపారమంతా ఆ ధీమా మీదే నడుస్తోంది.

చవక షేర్లను చప్పుడు కాకుండా పోగేసుకోవడం, తమ మనుషుల మధ్యే తిప్పి ధర పెంచడం వాళ్లకు తేలికే. కష్టమంతా అమ్మేటప్పుడే. లక్షల షేర్లు ఒక్కసారి కుమ్మరిస్తే కొనే నాథుడుండడు. అందుకే ‘వాల్యూమ్ వచ్చింది’ అంటూ ఎగబడే జనం కావాలి. ఆ వాల్యూమ్‌ను డే ట్రేడర్లు తెచ్చిపెడతారు. సాయంత్రానికి వాళ్లు తప్పుకున్నా, ఆ సందడి చూసి రిటైరైన ఉద్యోగి పీఎఫ్ డబ్బుతో దిగుతాడు.

సాధనా బ్రాడ్‌కాస్ట్ సంగతే చూడండి. అదానీ గ్రూపు ఆ కంపెనీని కొనబోతోందని 2022 జూలైలో యూట్యూబ్ వీడియోలు ఊదరగొట్టాయి. పచ్చి అబద్ధం. కానీ చిన్న మదుపరులు 2,167 మంది నుంచి 55,343 మందికి పెరిగారు. ఎక్కిన ధరకు అమ్ముకున్నవాళ్లలో కొందరు ప్రమోటర్లూ ఉన్నారు. అక్రమ లాభం సుమారు 58 కోట్ల రూపాయలు వడ్డీతో కక్కాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తుది ఉత్తర్వు ఇచ్చేసరికి 2025 మే వచ్చింది. దాదాపు మూడేళ్లు!

మధ్యాహ్నం బయటపడతానన్నవాడికి ఒక్కోసారి ఆ మధ్యాహ్నమే దక్కదు. లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో పడగల గరిష్ఠ పరిమితి) తాకిన షేరును స్క్రీన్ మీద ఎప్పుడైనా చూశారా? అమ్మేవాళ్ల వరుసలో లక్షల షేర్లు, కొనేవాళ్ల వైపు ఐదు గడుల్లోనూ సున్నా. స్టాప్‌లాస్ పెట్టినా కొనేవాడు లేనిదే అమ్ముడుపోదు. అలా రోజుకు 5 శాతం చొప్పున పది రోజులు పడితే నూటికి నలభై రూపాయలు ఆవిరి. ఇక నిఘాలో భాగంగా ఎక్స్ఛేంజి ఆ షేరును ట్రేడ్ టు ట్రేడ్ విభాగంలోకి నెడితే డెలివరీ తప్పనిసరి. డే ట్రేడర్లు మాయమవుతారు, వాల్యూమ్ పడిపోతుంది, మిగిలినవాళ్లకు తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. నిఘా అవసరమే. అయితే అది వచ్చేసరికి ఆపరేటర్ చాలాసార్లు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటాడు.

నగదు మార్కెట్లో ఇంట్రాడే చేసే వ్యక్తుల్లో పదిమందికి ఏడుగురు 2022-23లో నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. మిగిలిన ముగ్గురిలో నేనుంటానని అనుకునే తమ్ముళ్లను ఒకటే అడుగుతున్నాను. మీరు లాభంతో బయటపడ్డ రోజున మీ షేరు ఎవరి చేతికి వెళ్లిందో ఒక్కసారి ఆలోచించండి. ఆపరేటర్ షేరని తెలిశాక దాన్ని ఒక్క పూటకైనా కొనకండి.