బొమ్మ అందం కాదు, సూది శుభ్రం చూడండి

పచ్చబొట్టు మనకు కొత్త కాదు. జాతరలలో, సంతలలో చేతిమీద పేరో, దైవచిహ్నమో పొడిపించుకున్నవారు మన ఇళ్లలోనే ఉన్నారు. చెవులు కుట్టించడమైతే శుభకార్యమే. ఈనాడు పట్టణాలలో టాటూ దుకాణాలు వెలిశాయి. యువకులు టాటూ వేయించుకుంటామంటే మండిపడే పెద్దలు, పసిబిడ్డ చెవులు కుట్టించేటప్పుడు ఆ సూది ఎలా శుభ్రం చేశారని అడగరు. నా అభిప్రాయంలో రెండింటికీ నియమం ఒక్కటే: చర్మాన్ని ఛేదించే పరికరం ఏదైనా శస్త్రచికిత్స పరికరంతో సమానం.

ఒకరి రక్తం అంటిన సూది మరొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి సోకవచ్చు. వైద్యసిబ్బందికి ప్రమాదవశాత్తు సూదులు గుచ్చుకున్న సందర్భాలలో హెచ్‌ఐవి సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు. టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ముప్పై వరకు ఉంటుంది. పైగా ఈ వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు సజీవంగా ఉండగలదు. కంటికి రక్తపు మరక కనిపించకపోవడం భరోసా కాదు.

కనుక దుకాణాన్ని గోడమీది బొమ్మలను బట్టో, ధరను బట్టో ఎన్నుకోకండి. పరికరాలను ఎలా శుద్ధి చేస్తారని ముందుగా అడగండి. స్పిరిటుతో తుడవడం, దీపపు మంటకు చూపడం, వేడినీళ్లలో ముంచడం చాలవు. నీలికాంతి వెలిగే పెట్టె కూడా చాలదు. కావలసింది ఆటోక్లేవు. అందులో 121 డిగ్రీల సెల్సియస్ వేడి, 15 పౌండ్ల పీడనం గల ఆవిరిలో పరికరాలను కనీసం 15 నిమిషాలు ఉంచాలి.

సూది కొత్తదైతే చాలని కొందరి నమ్మకం. ఒకే రంగు గిన్నెలో నిన్నటి మనిషికీ, నేటి మనిషికీ సూది ముంచితే కొత్త సూదివల్ల ప్రయోజనమేమిటి? సీలున్న సూదిపొట్లాన్ని మీ ఎదుటే విప్పాలి. రంగును చిన్న గిన్నెలో మీకోసం విడిగా పోసి, మిగిలినది పారవేయాలి. రంగును కుళాయినీటితో పలుచన చేయరాదు. 2011-12లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఒక టాటూ దుకాణానికి వెళ్లిన 19 మందికి మొండి చర్మవ్యాధి సోకింది. ముందుగానే పలుచన చేసి అమ్మిన రంగులోని సూక్ష్మజీవే అందుకు కారణమని తేలింది.

చెవితమ్మెకూ, పైనున్న మృదులాస్థికీ తేడా గమనించండి. మృదులాస్థికి రక్తప్రసారం తక్కువ. అక్కడ చీము పడితే చెవి ఆకారమే శాశ్వతంగా చెడవచ్చు. కొన్ని నగల దుకాణాలలో వాడే గన్‌తో ఆ భాగాన్ని కుట్టించవద్దు. అది మృదులాస్థిని నలిపివేస్తుంది. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవులో పెట్టడమూ సాధ్యం కాదు.

మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే స్వభావం గలవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోని పెద్దలు 0, 1, 6 నెలలకు మూడు మోతాదులు పూర్తిచేయడం మంచిది. హెపటైటిస్ సికి టీకా లేదు. టాటూ తరువాత ఏడాదిపాటు రక్తదానం చేయరాదన్న నియమం కూడా ఈ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొని పెట్టినదే.

జాగ్రత్త భారమంతా వినియోగదారునిపై మోపడం న్యాయం కాదు. వ్యాపార అనుమతి పత్రం దుకాణం ఉన్నదని చెబుతుంది గాని, సూది శుభ్రమని చెప్పదు. ఆటోక్లేవు, చేతితొడుగులు, సూదులను పారవేసే డబ్బా ఉన్నవారికే పురపాలక సంఘాలు అనుమతి ఇవ్వాలి. ఏటా తనిఖీ చేయాలి. జాతరలకు తిరిగి పచ్చబొట్లు పొడిచేవారిని వెళ్లగొట్టకుండా, వారికి శిక్షణ, ఒకసారి వాడి పారవేసే సూదులు సమకూర్చాలి. వారి జీవనమూ నిలవాలి, మన ఆరోగ్యమూ నిలవాలి.

అంతవరకు అడగడానికి మొహమాటపడకండి. నిజాయతీగల పనివాడు మీ ప్రశ్నకు సంతోషించి, పరికరాలు తానే చూపిస్తాడు. విసుక్కున్నవాని దుకాణం మెట్లు వెంటనే దిగిరండి. వేయించుకున్న తరువాత ఎర్రదనం వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా పసుపు రాసి ఊరుకోక వైద్యుని వద్దకు వెళ్లండి.