సహనం పేరుతో వెనక్కి పంపకండి

ఇటీవల నిజాంసాగర్‌లో ఒక సోదరి తన ఎనిమిదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. బాబుకు మాటలు ఆలస్యంగా వచ్చాయి, అక్షరాలు త్వరగా పట్టుబడవు. “మౌల్వీ సాబ్, బడిలో చేర్చుకోలేమంటున్నారు. ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరు లేరట” అని కన్నీరు పెట్టుకుంది. “సహనం వహించు తల్లీ” అని చెప్పి పంపించాను.

ఆ రాత్రి నా మాటే నన్ను బాధించింది. జ్ఞానం కోరి వచ్చిన అంధ సహాబీ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలోనే ‘అబస’ సూరా అవతరించింది. ఏళ్లుగా ఆ సూరా బోధిస్తున్న నేను, చదువు కోరిన బిడ్డను సహనం పేరుతో వెనక్కి పంపాను!

ప్రియ సోదర సోదరీమణులారా! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థ అయినా వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకోవాలి. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువపత్రం ఉంటే, 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వారి హక్కు. 2021 అక్టోబర్ 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత కేంద్ర ప్రభుత్వం 2022లో, ఇలాంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, ప్రాథమికోన్నత తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. కనుక ‘టీచరు లేరు’ అన్న జవాబుతో తల్లిదండ్రులు తిరిగి రానవసరం లేదు.

మరి ఏం చేయాలి? ముందు దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. తరువాత మండల విద్యాధికారికి, కామారెడ్డిలోని జిల్లా విద్యాధికారికి ఫిర్యాదు చేయండి. అక్కడా న్యాయం దొరకకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించండి. సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఆయనకు ఉన్నాయి. ఆయన సిఫార్సుపై ఏ చర్య తీసుకున్నదీ సంబంధిత అధికారులు మూడు నెలల్లో తెలపాలి. చివరి మార్గం హైకోర్టు. ఖర్చుకు జంకవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

మరునాడు ఆ ఇంటికి వెళ్లి నా మాటకు క్షమాపణ కోరాను. దంపతులతో కూర్చుని దరఖాస్తు రాశాను. తండ్రి సంతకం చేశాడు. బడి నుంచి జవాబు రావలసి ఉంది. సహనం వహించవలసిన సమయం ఇది.