యాంటెన్నా బిల్లు.. హామ్‌ల ఓటు

మీ అక్క డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కుందనుకోండి. కంచె ఎలా ఉండాలో, ఇంటికి ఏ రంగు వేయాలో కూడా అక్కడి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘమే చెబుతుంది. ఇక పెరట్లో పొడవాటి తీగ కట్టి హామ్ రేడియో నడుపుతానంటే? చాలాచోట్ల ‘కుదరదు’ అనేస్తారు. అమెరికాలో ఏడు లక్షల మందికి పైగా హామ్‌లున్నారు. వాళ్లలో చాలామందికి పెద్ద తలనొప్పి ఇదే.

యాంటెన్నాలకు వెసులుబాటు ఇవ్వాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లోనే చెప్పింది. కానీ ఆ మాట మున్సిపాలిటీల వంటి స్థానిక ప్రభుత్వాలకే వర్తిస్తుంది. ఇల్లు కొనేటప్పుడు మీరే సంతకం పెట్టిన షరతులకు కాదు. ఆ లోటు తీర్చే చట్టం కావాలని హామ్‌ల జాతీయ సంఘం ఏఆర్ఆర్ఎల్ కాంగ్రెస్ గడప తొక్కింది.

1914లో పుట్టిన సంఘమిది. మొత్తం 15 డివిజన్లు. ఒక్కో డివిజన్ సభ్యులు మూడేళ్లకోసారి తమ డైరెక్టర్‌ను ఎన్నుకుంటారు. ప్రెసిడెంట్‌ను మాత్రం ఆ డైరెక్టర్లే ఎన్నుకుంటారు. మన ఎంపీటీసీలు ఎంపీపీని ఎన్నుకున్నట్టన్నమాట!

బిల్లు ముందుకు కదలాలని 2016లో ఏఆర్ఆర్ఎల్ హెచ్‌ఓఏల జాతీయ సంస్థతో రాజీ కుదుర్చుకుంది. ఆ రాజీలో ఒక మెలిక ఉంది. యాంటెన్నా పెట్టాలంటే ముందు హెచ్‌ఓఏ అనుమతి తీసుకోవాల్సిందే. ఇన్నాళ్లూ ప్రైవేటు ఒప్పందాల్లో ఉన్న పెత్తనాన్ని మనమే చట్టంలోకి ఎక్కిస్తున్నామా అని చాలామంది హామ్‌లు మండిపడ్డారు. 2016లో, 2017లో ప్రతినిధుల సభ దాటిన బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది.

అసలు గొడవ ఆ తర్వాతే ముదిరింది. బోర్డు ఒక నిర్ణయం తీసుకున్నాక డైరెక్టర్లెవరూ దాన్ని బహిరంగంగా విమర్శించకూడదని 2017లో నియమావళి తెచ్చారు. అది ఉల్లంఘించారంటూ అదే ఏడాది నవంబర్‌లో ఒక డైరెక్టర్‌ను అభిశంసించారు కూడా. బోర్డు ఒకే గొంతుతో మాట్లాడితేనే వాషింగ్టన్‌లో విలువ ఉంటుందన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ నా ఓటుతో గెలిచిన మనిషి ‘నేను ఒప్పుకోలేదు’ అని నాకే చెప్పకూడదంటే ఎలా? వచ్చేసారి ఆయనకు ఓటెయ్యాలో వద్దో నేనెలా తేల్చుకోవాలి?

సభ్యులు ఊరుకోలేదు. 2018 ఎన్నికల్లో హడ్సన్ డివిజన్‌లో పాత డైరెక్టర్ ఓడిపోయి రియా జైరామ్ గెలిచారు. 2019 జనవరిలో బోర్డు ఆ బిల్లు ప్రయత్నానికి విరామం ఇచ్చింది. నా లెక్కలో ఇది ఓటు చేసిన పనే. అలాగని హెచ్‌ఓఏ సమస్య తీరిందా అంటే లేదు. 2023లో కొత్త పేరుతో ఇంకో బిల్లు కాంగ్రెస్‌కు వచ్చింది.

ఎంఎస్‌కు వెళ్తున్న మీకిందులో పనేముంది అంటారా? ఎఫ్‌సీసీ హామ్ లైసెన్సుకు పౌరసత్వం అక్కర్లేదు, అమెరికాలో ఒక చిరునామా ఉంటే చాలు. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్ష. 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే పాస్. లైసెన్సు ఫీజు 35 డాలర్లు. తర్వాత ఏఆర్ఆర్ఎల్‌లో సభ్యులైతే మీ డివిజన్‌లో మీకూ ఓటుంటుంది. కాకపోతే అక్కడ చాలా సీట్లు ఏకగ్రీవమే. పోటీకి రెండోవాళ్లు దిగితేనే బ్యాలెట్ వస్తుంది.