సైకిలు ఫ్రేము మార్చేముందు చిటికెన వేలిని అడగండి

మనలాంటి వాళ్ళం కుడిచేతి చిటికెన వేలితో రోజుకి ఎన్నిసార్లు ఎంటర్, సెమీకోలన్ కొడతామో ఎప్పుడైనా లెక్కేశారా? ఆ వేలు మొరాయించేదాకా నేనూ పట్టించుకోలేదు.

కిందటి డిసెంబరులో ఓ ఆదివారం 200 కిలోమీటర్ల బీఆరెమ్ మొదలెట్టాను. పదమూడున్నర గంటల్లో పూర్తిచెయ్యాలి. 130 దగ్గర ఆపేసి, ఓ డీసీఎం వ్యానతన్ని బతిమాలి సైకిలెక్కించుకుని ఇంటికొచ్చాను. కాళ్ళు బానే ఉన్నాయి, ఊపిరీ బానే ఉంది, చేతులే పోయాయి. సోమవారం ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చుంటే చిటికెన వేలు, దాని పక్కది నావి కానట్టున్నాయి. అరచేతి మడమ దగ్గర అల్నార్ నరం నలిగిందన్నారు డాక్టరుగారు. తిమ్మిరి పూర్తిగా పోడానికి మూడు వారాలు పట్టింది. కీబోర్డు మీద బతికేవాడికి అదేం చిన్న విషయం కాదు.

అప్పటికి నాది కార్బన్ రేసు సైకిలు. కొనేటప్పుడు షాపతను "కార్బన్ సార్, గతుకులు అసలు తెలీవు" అన్నాడు. నమ్మేశాను. ఈసారి ఆఫీసులో మా సైకిలు బ్యాచీ తలో మాటా చెప్పారు. ఒకడు టైటానియం అన్నాడు, ఇంకొకడు స్టీలే అసలైన సుఖం అన్నాడు. అందరూ దేంతో చేసిందనే మాట్లాడారు తప్ప, ఏ ఆకారంలో ఉందని ఒక్కడూ అడగలేదు. నా గొడవంతా ఇక్కడే. ప్రాసెసర్ గిగాహెర్ట్జులు చూసి లాప్టాప్ కొన్న రోజులు పోయాయి గానీ, ఫ్రేము దగ్గర మాత్రం మనం ఇంకా అక్కడే ఉన్నాం.

రెండు త్రికోణాలు కలిపి చేసిన ఫ్రేము నిలువు దిశలో చాలా బిగువుగా ఉంటుంది. స్టీలైనా కార్బనైనా మన బరువుకి అది నిలువునా ఒంగేది లెక్కలోకి రానంత తక్కువ. గతుకులో టైరు మాత్రం కొన్ని మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. ఆ తర్వాత సీటు, సీటు కింద బయటికి కనిపించే గొట్టం కొంచెం ఒంగుతాయి. అంటే కుదుపు మింగే పనిలో సింహభాగం గాలిదే. ఇక చేతుల మీద ఎంత బరువు పడుతుందనేది మనం ఎంత ముందుకి వాలామన్న దాన్నిబట్టి. అది నిర్ణయించేది ఫ్రేము కొలతలు.

ఆ కొలతలు ముఖ్యంగా రెండు. పెడళ్ళు తిరిగే ఇరుసు నడిమి నుంచి, హ్యాండిలు కింద ఫోర్కు దూరే గొట్టం పైఅంచు ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. ఎంత ముందుకి ఉందో అది రీచ్. 54, 56 అని రాసే సైజుల కన్నా ఈ రెండూ నిజం చెబుతాయి. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. వెనక చక్రం గోడకి ఆనించి సైకిలు నిటారుగా నిలబెట్టండి. నేల నుంచి ఆ రెండు చోట్లకీ కొలిచి తీసేస్తే స్టాక్, గోడ నుంచి కొలిచి తీసేస్తే రీచ్. నా రేసు సైకిలుకి 545, 385 మిల్లీమీటర్లు వచ్చాయి. స్టాకుని రీచుతో భాగిస్తే 1.42. రేసు ఫ్రేములు చాలావరకు ఇలా 1.4, 1.45 మధ్య ఉంటాయి. ఎండ్యూరెన్స్ అని అమ్మేవి 1.5 చుట్టుపక్కల, ఆ పైన.

ఈ ఎండ్యూరెన్స్ రకం నిన్నామొన్నటిది కాదు. స్పెషలైజ్డ్ వాళ్ళు 2004లో రూబే తెచ్చారు, ట్రెక్ వాళ్ళు 2012లో డొమానే తెచ్చారు. మొదటిదాని పేరు ఫ్రాన్సులో జరిగే పారిస్-రూబే పందెం నుంచి వచ్చింది. 250 కిలోమీటర్లు దాటే ఆ పందెంలో యాభైకి పైగా రాళ్ళు పరిచిన దారే. పందెం తొక్కేవాళ్ళే అలాంటి దారికి వేరే ఫ్రేము కావాలనుకుంటే, శంకరపల్లి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టుకుంటూ తొక్కే మనకి నామోషీ ఎందుకంట? కానీ మా బ్యాచీలో దాన్ని "అంకుల్ బండి" అంటారు. నిజం ఒప్పుకోవాలంటే, నేను మొదటిసారి రేసు ఫ్రేము కొన్నదీ ఆ మాటకి భయపడే :)

అలాగని వెంటనే ఫ్రేము మార్చెయ్యమనట్లేదు. ముందు చవకవి చూడండి. మీ ఫ్రేములో పట్టినంత వెడల్పు టైరు వెయ్యండి, గాలి తగ్గించండి. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైరులో 110 పీఎస్ఐ కొట్టడం గొప్ప. ఇప్పుడు టూర్ డి ఫ్రాన్సులోనే 28, ఆ పైన మామూలైపోయింది. గతుకుల రోడ్డు మీద రాయిలా బిగిసిన టైరు మనల్ని ఎగరేస్తూ శక్తి తినేస్తుంది కాబట్టి, మెత్తటి టైరుతో వేగం పోతుందన్న భయం అక్కర్లేదు. ఆ తర్వాత హ్యాండిలు కింద రింగులు పెంచి చూడండి, పొట్టి స్టెమ్ వేసి చూడండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మీరు ముందుకి జారి చేతుల మీద పడతారు, అది సరిచెయ్యండి.

ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి ఆగకపోతే అప్పుడు ఫ్రేము. నా సంగతి అంతే. రింగులు తయారీదారు ఒప్పుకున్న హద్దుదాకా పెట్టేశాను. పాతకాలపు రిమ్ బ్రేకుల వల్ల 25 దాటి టైరు పట్టలేదు. ఇంక సెట్టింగులు మార్చడానికేం మిగల్లేదు, ఆర్కిటెక్చరే తప్పు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్రేమొక్కటే మారుస్తానని ఎవరైనా అంటే, లైబ్రరీ ఒక్కటే అప్‌గ్రేడ్ చేస్తానన్నంత అమాయకత్వం. కొత్త ఫ్రేములకి దాదాపు అన్నిటికీ డిస్కు బ్రేకులు. కాబట్టి పాత చక్రాలు పనికిరావు, బ్రేకులు పనికిరావు. హైడ్రాలిక్ అయితే లీవర్లూ మారాలి. పెడళ్ళ ఇరుసు కొలత కూడా కలవకపోవచ్చు. ఈ లెక్కంతా వేశాక పూర్తి సైకిలు కొనుక్కోడమే చవకని తేలుతుంది చాలాసార్లు. నాకూ అలాగే తేలింది.

చివరికి నేను కొన్నది అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు. స్టాక్ 575, రీచ్ 375. 32 మిల్లీమీటర్ల టైర్లు, గాలి 60 దాటదు. పాతదానికన్నా అరకిలో పైనే బరువు. ఫిబ్రవరిలో మళ్ళీ 200 మొదలెట్టి 11 గంటల 50 నిమిషాల్లో ముగించాను. సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి సెమీకోలన్లు కొట్టాను. కార్బన్ చెడ్డదని కాదు నా వాదన. ఇవే కొలతలతో కార్బన్ వస్తే, డబ్బుంటే, హాయిగా కొనుక్కోండి. కొలతలు ముందు, టైరుకి చోటు తర్వాత, లోహం ఆఖరున. షాపులో ఈ వరసలో అడగండి, తెల్లమొహం వేస్తే ఇంకో షాపు చూసుకోండి.

మొన్న మా నాన్నగారు వచ్చినప్పుడు కొత్త సైకిలు చూపించాను. తెనాలి దగ్గర పల్లెలో బడిపంతులుగా ముప్ఫయ్యేళ్ళు అట్లాస్ సైకిలు తొక్కారాయన. టైరు బొటనవేలితో నొక్కి చూశారు, హ్యాండిలు పట్టుకుని చూశారు.

"ఇదే కదరా నాది కూడా. లావు టైరు, ఎత్తు హ్యాండిలు. దీన్ని కనుక్కోడానికి ఇంజినీరింగు చదవాలా?"

సమాధానం ఉంటే మీరు చెప్పండి.